మంచు మీద మన దబాయింపు

"అదంతా టూరిస్టుల కోసం వేసిన సెట్టింగండీ, ఒరిజినల్ కాదు."

చలికాలంలో ఉత్తర నార్వేకో ఫిన్లాండుకో వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ నోట ఈ మాట ఇప్పుడు తరచు వింటున్నాను. నార్తర్న్ లైట్స్ కోసం వెళ్తారు. మధ్యలో ఒక పూట ఖాళీ దొరికితే అక్కడి ఆదివాసులైన సామీల రెయిన్‌డీర్ క్యాంపుకి టికెట్ కొంటారు. ఉత్తర నార్వేలోని ట్రోమ్సో ఊళ్ళో బస్సెక్కితే అరగంట, ముప్పావుగంటలో దింపేస్తారు. బకెట్‌తో దాణా చేతికిస్తారు, మంద వచ్చి మీద పడి తింటుంది. స్లెడ్జి ఎక్కించి ఒక చుట్టు తిప్పుతారు. లావ్వు అనే గుడారంలో మంట చుట్టూ కూర్చోబెట్టి బిదోస్ పోస్తారు. రెయిన్‌డీర్ మాంసం, బంగాళాదుంప, క్యారెట్ వేసి మరిగించిన పులుసు అది. మాంసం ముట్టనివాళ్ళకి కూరగాయల సూపు. గాక్తి అనే సామీ దుస్తులు తొడుక్కున్న ఒకాయనో ఒకావిడో తమ జనం సంగతులు చెప్పి, యోయిక్ అనే తమ సంప్రదాయ పాట పాడి వినిపిస్తారు. ఇంటికొచ్చాక మనవాళ్ళ తీర్పు ఇది: పాడినాయన జేబులో ఐఫోన్ మోగింది, గుడారం వెనక స్నోమొబైల్ నిలబెట్టి ఉంది, కాబట్టి మనల్ని మోసం చేశారు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నిన్నటిదాకా సామీ అన్న పేరే వినని మనిషికి, అసలు సామీ ఎవరో నకిలీ ఎవరో తేల్చే అధికారం ఒక్క టికెట్ కొంటే వచ్చేస్తుందా? మనం పంచె విప్పి ప్యాంటు వేసుకుని ఆఫీసుకి వెళ్తే మన తెలుగుదనానికి ఏ లోటూ రాదు. కాపరి మాత్రం తోలు కప్పుకుని, ఫోను లేకుండా, పదిహేడో శతాబ్దంలోనే కాళ్ళు పాతుకుని మన కెమెరా కోసం ఎదురుచూస్తూ ఉండాలి. సామీ కాపరులు స్నోమొబైల్ నడపడం 1960లలోనే మొదలుపెట్టారు. ఇవాళ డ్రోన్ ఎగరేస్తారు, మెడకి జీపీఎస్ పట్టీలు కడతారు, అవసరం పడితే హెలికాప్టర్ పిలుస్తారు. మైనస్ 30లో, చీకట్లో, చెదిరిపోయిన మందని వెతకాల్సినవాడికి ఏం కావాలో వాడికి తెలుసు. మనకి తెలియాల్సిన పని లేదు.

ఈ చూపుకి ఒక చరిత్ర ఉంది, అది మర్యాదైన చరిత్ర కాదు. 1870ల నడుమ కార్ల్ హాగెన్‌బెక్ అనే జర్మన్ జంతువుల వ్యాపారి ఒక సామీ కుటుంబాన్ని రెయిన్‌డీర్లతో సహా హాంబర్గ్‌కి తెప్పించాడు. తన ఆవరణలోనే గుడారం వేయించి, వాళ్ళ వంటావార్పూ పిల్లల పెంపకమూ జనానికి టికెట్ పెట్టి చూపించాడు. ఆ తర్వాత యూరప్ అంతా పాకిన మనుషుల జూలకి మొదటి మెట్లలో అదొకటి. అక్కడ అమ్ముడుపోయిన సరుకు ఏమిటి? "ఒరిజినల్" మనిషి. నూట యాభై ఏళ్ళ తర్వాత మన ట్రావెల్ రివ్యూలో దొరకలేదని ఏడుస్తున్నది అదే సరుకు. ట్రోమ్సో దగ్గర ఒక తేడా ఉంది. సామీలే నడిపే క్యాంపులో టికెట్ డబ్బు కాపరి జేబులోకి పోతుంది, ఏం చూపించాలో ఏం చూపించకూడదో కాపరే నిర్ణయిస్తాడు. మనవాళ్ళకి మింగుడుపడనిది బహుశా ఇదేనేమో.

నేనూ వెళ్ళాను, ఒక జనవరిలో. మా గుంపులో హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన "మొత్తం ఎన్ని ఉన్నాయండీ మీకు?" అని కాపరిని పట్టుకుని వదల్లేదు. కాపరి నవ్వి మాట మార్చాడు. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి మీ బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టుంటుంది వాళ్ళకి ఆ ప్రశ్న. (మనకి అది కూడా తప్పనిపించదు, పెళ్ళిచూపుల్లో అడిగేదే కదా.) లెక్క చెప్పకుండా ఒక జంతువు చెవులు పట్టుకుని చూపించాడు. అంచుల్లో కత్తితో తీసిన గాట్లు. ఏ యజమాని గాట్లు వాళ్ళవి, ఒకరివి ఇంకొకరికి ఉండవు. పట్టా, రిజిస్ట్రేషను అన్నీ ఆ చెవిలోనే. ఎవరూ దాన్ని ఫొటో తీయలేదు. అందరికీ కొమ్ములే కావాలి. నడి చలికాలంలో ఆ కొమ్ములు ఎక్కువగా చూలు ఆడవాటికీ వృషణాలు తీయించిన మగవాటికీ ఉంటాయి. పెద్ద పోతులు జత కట్టే కాలం అయ్యాక కొమ్ములు రాల్చేస్తాయి. క్రిస్మస్ కార్డులు గీసేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

చేతికిచ్చిన బకెట్ గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు. అడగాల్సిన ప్రశ్న అది. రెయిన్‌డీర్‌కి చలికాలంలో దాణా ఎందుకు? అది దాణా మీద బతికే జంతువు కాదు. మంచు కింద నాచులాంటి లైకెన్ వాసన పట్టి, గిట్టలతో గొయ్యి తవ్వి, మూతి లోపలికి పెట్టి మేస్తుంది. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. ఒక మేత నేలని పాడుచేస్తే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. పొడి మంచు ఎంత పడినా రెయిన్‌డీర్‌కి లెక్క లేదు, చలీ లెక్క లేదు. దాన్ని చంపేది వెచ్చదనం. నడి చలికాలంలో నాలుగు రోజులు వెచ్చబడో వాన పడో మంచు కరిగి, మళ్ళీ బిగుసుకుంటే మేత మీద ఐసు పలక పరుచుకుంటుంది. కింద తిండి ఉంటుంది. పైకి వాసన రాదు, గిట్ట దిగదు. మేత నిండుగా ఉన్న నేల మీదే నిలబడి మంద ఆకలికి చస్తుంది. ఆర్కిటిక్ ప్రాంతం మిగతా భూగోళం కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోందని 2022లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. కాబట్టి ఆ ఐసు పలకలు ఇక ముందు ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపద కావు. అలాంటి ఏడు వస్తే కాపరి దాణా కొనాలి, మోయాలి, పోయాలి. మాంసం అమ్మకం ఒక్కదానితో అది గడవక కొన్ని కుటుంబాలు క్యాంపులు తెరిచాయి. మీరు "సెట్టింగ్" అని తీసిపారేసిన ఆ గుడారం మందని బతికించే ఖర్చులో ఒక వాటా.

అసలు మందని చూడాలని పట్టుబట్టేవాళ్ళకి ఇంకో మాట. నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్ మందల్లో చాలా భాగం చలికాలంలో సముద్రతీరాన ఉండవు. లోపలి పీఠభూమి మీద, కౌతొకైనో, కరాషోక్ వైపు ఉంటాయి. వేసవికి తీరానికి దిగుతాయి. చలికాలం చివర ఆడవి కడుపుతో ఉంటాయి, ఒంటి కొవ్వు పొదుపుగా కరిగించుకుంటూ మే నెల కోసం కాచుకుంటాయి. బెదిరి పరిగెత్తిన ప్రతిసారీ ఆ కొవ్వు వృథా. అక్కడికి మనం వెళ్ళకూడదు. ట్రోమ్సో దగ్గర మచ్చికైన కొద్దిపాటి మందని చూపించి మనల్ని ఆ పీఠభూమి జోలికి పోకుండా ఆపినందుకు ఆ క్యాంపువాళ్ళకి నిజానికి ఇంకో టికెట్ డబ్బు ఇచ్చి రావాలి.

సరే, ఒరిజినలే కావాలంటారా? నార్వేలో ట్రాండ్‌హీమ్ పక్కన ఫోసెన్ అనే చోటు ఉంది. స్టోర్‌హెయా, రోన్ అనే రెండు కొండప్రాంతాల్లో 151 గాలిమరలు నిలబెట్టారు. అవి నిలబడిన నేల దక్షిణ సామీ కాపరుల చలికాలపు మేత. 2021 అక్టోబర్ 11న నార్వే సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పిచ్చారు: ఈ లైసెన్సులు చెల్లవు, పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 27వ అధికరణం ఇచ్చిన సాంస్కృతిక హక్కుని ఇవి తొక్కేశాయి అని. దేశంలో ఇంతకన్నా పెద్ద కోర్టు లేదు, ఇంతకన్నా స్పష్టమైన తీర్పూ ఉండదు. మరలు ఆగాయా? ఒక్క రోజు ఆగలేదు. ఆర్నెల్లు గడిచాయి, ఏడాది గడిచింది. తీర్పుకి 500 రోజులు నిండిన 2023 ఫిబ్రవరిలో సామీ యువతరం గాక్తిలు తొడుక్కుని ఓస్లోలో ఇంధన శాఖ కార్యాలయంలో బైఠాయించింది. గాయని ఎల్లా మారియే హెట్టా ఇసాక్సెన్ ముందు నిలబడింది. గ్రెటా థున్‌బెర్గ్ వచ్చి పక్కన కూర్చుంది. గాలిమరలు వద్దన్నందుకు కాదు, కోర్టు మాట వినమన్నందుకు పోలీసులు వాళ్ళని ఎత్తి బయట పెట్టారు. ఆ తర్వాత మార్చి మొదట్లో ఇంధన మంత్రీ, ప్రధాని యూనస్ గార్ స్తూరే క్షమాపణ చెప్పారు. హక్కుల ఉల్లంఘన ఇంకా సాగుతూనే ఉందని ఒప్పుకున్నారు కూడా. ఒప్పుకున్న రోజున కూడా మరలు తిరుగుతూనే ఉన్నాయి. చివరికి 2023 డిసెంబర్‌లో ఒక కాపరుల బృందంతో, 2024 మార్చిలో రెండోదానితో రాజీ పత్రాలు రాయించుకున్నారు. పరిహారం ఇస్తారట, బదులుగా వేరే మేత చూపిస్తారట, మరలు మాత్రం ఉంటాయట. ఇళ్ళు కట్టేసి కూర్చున్నవాడితో అలసిపోయి రాజీపడినవాడి సంతకాన్ని ఇష్టం అంటారా మీరు? తాంబూలాలు ఇచ్చేశాం, తన్నుకు చావండన్న సామెత గురజాడ నాటకంలోనే ఆగిపోలేదు.

ఏటా శాంతి బహుమతి పంచే ఊళ్ళో జరిగిన సంగతి ఇది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

"అయినా గాలి కరెంటు పర్యావరణానికి మంచిదే కదా" అంటారు చదువుకున్నవాళ్ళు. ఈ వాదన విన్నప్పుడల్లా సామీల చలికాలం ఎన్నిసార్లు ఎవరి కరెంటు కోసం బలైందో లెక్కపెట్టాలనిపిస్తుంది. మొదట ఉత్తర నార్వేలో ఆల్తా నది మీద డ్యామ్. మొదటి ప్లాను ప్రకారం మాసే అనే సామీ గ్రామమే మునిగేది. గొడవయ్యాక ప్లాను తగ్గించారు, డ్యామ్ మాత్రం మానలేదు. 1979లో సామీలు ఓస్లో పార్లమెంటు ముందే లావ్వు వేసి నిరాహారదీక్ష చేశారు. 1981లో వందల మంది పోలీసులు దిగి నిరసనకారుల్ని లాగిపారేశారు. 1987లో కరెంటు మొదలైంది. ఈ లోపు 1986 ఏప్రిల్‌లో ఎక్కడో సోవియట్ యూక్రెయిన్‌లో చెర్నోబిల్ పేలింది. లైకెన్‌కి వేళ్ళుండవు, కావాల్సిందంతా గాలిలోంచి, వానలోంచి పీల్చుకుంటుంది. పేలుడులో వెలువడిన అణుధార్మిక సీసియమ్‌ని కూడా అలాగే పీల్చుకుంది. దాన్ని రెయిన్‌డీర్ తిన్నది. స్వీడన్‌లో కోసిన మాంసం తినడానికి పనికిరాదని గుట్టలుగా పారబోశారు. కిలోకి 300 బెకరెల్ అని పెట్టిన హద్దుని 1987లో రెయిన్‌డీర్ మాంసానికి 1500కి పెంచాల్సి వచ్చింది, లేకపోతే వృత్తే మిగలదు. ఆ తర్వాత ఫోసెన్. నీటి కరెంటు, అణు కరెంటు, గాలి కరెంటు. ప్రతిసారీ దీపం ఒకరి ఇంట్లో, చీకటి ఇంకొకరి మేతలో. వాతావరణ మార్పుకి అతి తక్కువ కారణమైన జనాన్ని దాని విరుగుడు పేరుతో మళ్ళీ తొక్కడాన్ని నేను పర్యావరణం అనను. దానికి పాత పేరు ఉంది, ఆక్రమణ. దశాబ్దాలుగా ఉత్తర సముద్రంలో చమురు తోడి సంపన్నమైన దేశం ఆ పని చేస్తే ఇంకా అసహ్యంగా ఉంటుంది.

మందలు ఎక్కువై నేల పాడైపోతోందని అదే ప్రభుత్వం కాపరులకి నీతులు చెబుతుంది. యోవ్‌సెత్ ఆన్తె సారా అనే యువ కాపరిని మందని 75కి తగ్గించుకోమంది. ఉన్నవే నూటపై చిల్లర, తగ్గిస్తే వృత్తి గిట్టదని ఆయన కోర్టుకి వెళ్ళాడు. కింది కోర్టుల్లో గెలిచాడు, 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆయన అక్క మారెత్ ఆన్నె సారా కళాకారిణి. తుపాకి గుళ్ళు దిగిన 400 రెయిన్‌డీర్ పుర్రెల్ని తెరలా కూర్చి పార్లమెంటు ముందు వేలాడదీసింది. ఆ తెరని తర్వాత ఓస్లో జాతీయ మ్యూజియం కొనుక్కుని ప్రవేశద్వారం దగ్గరే పెట్టుకుంది. జంతువుని చంపించడమూ వాళ్ళే, పుర్రెని గౌరవించడమూ వాళ్ళే. మందని నిలబెట్టుకోవడం కన్నా పుర్రెలకి లైట్లు పెట్టడం సులువు మరి.

స్వీడన్ ఏమీ తక్కువ తినలేదు. ప్రభుత్వమే జాతి జీవశాస్త్ర సంస్థ పేరుతో 1922లో ఉప్సాలాలో దుకాణం తెరిచి, హెర్మన్ లుండ్‌బోర్గ్ అనే ఆయన చేత సామీల తలలు కొలిపించింది, బట్టలు విప్పించి ఫొటోలు తీయించింది. 2020 జనవరిలో గిర్యాస్ సామీ గ్రామానికి తన నేల మీద వేట, చేపల అనుమతులిచ్చే హక్కు ఉందని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కోపానికి కొందరు రెయిన్‌డీర్లని చంపిపడేశారు. రెండేళ్ళు తిరిగాయో లేదో యోక్‌మోక్ పక్కన గాలొక్‌లో బ్రిటిష్ కంపెనీ ఇనుప గనికి ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. 1605 నుంచీ చలికాలపు సంత జరుగుతున్న ఊరు యోక్‌మోక్. సంత పోస్టర్ మీద రెయిన్‌డీర్ ఉంటుంది, గని మ్యాపులో ఉండదు.

ఇక ఫిన్లాండ్. నకిలీ అనే మాట ఎక్కడ వాడాలో అక్కడ మనవాళ్ళు వాడరు. సాంతా క్లాజ్ ఊరని పేరుపడ్డ రొవానియెమి అక్కడి సామీ స్వదేశ ప్రాంతం సరిహద్దుల్లోనే లేదు. అక్కడ సామీలు కాని వాళ్ళు గాక్తిని పోలిన బట్టలు తొడుక్కుని, మొహానికి మసి పూసుకుని, డోలు వాయించి "మంత్రగాళ్ళ" వేషం వేసి టూరిస్టులకి ఆర్కిటిక్ రేఖ దాటే తంతు జరిపించిన చరిత్ర ఉంది. పడుకోవడానికి గాజు ఇగ్లూ ఇస్తారు. ఇగ్లూ కెనడా, గ్రీన్‌లాండ్ వైపు ఇనుయిట్‌లది. తిప్పడానికి హస్కీ కుక్కల బండి కడతారు. దానికీ సామీలకీ సంబంధం లేదు, పైగా కుక్కల అలికిడికి మందలు బెదురుతాయి. నార్వే, స్వీడన్‌లలో రెయిన్‌డీర్ పెంపకం ప్రధానంగా సామీల హక్కు. ఫిన్లాండులో మాత్రం ఆ ప్రాంతంలో స్థిరపడ్డ ఏ యూరోపియన్ యూనియన్ పౌరుడైనా మంద పెట్టుకోవచ్చు. అంటే అక్కడ రెయిన్‌డీర్ కనిపించినంత మాత్రాన సామీ కనిపించినట్టు కాదు. విసిగిపోయిన ఫిన్లాండ్ సామీ పార్లమెంటు 2018లో టూరిజానికి నీతి నియమాలు రాసి పెట్టింది. మన ఏజెంట్లలో ఎంతమంది చదివారో అడక్కండి. డోలు సంగతే చూడండి. 1691లో నార్వే వైపు ఆండెర్స్ పౌల్సెన్ అనే సామీ వృద్ధుణ్ణి మంత్రవిద్య నేరం మీద పట్టుకుని ఆయన డోలు లాక్కున్నారు. మరుసటి ఏడు నిర్బంధంలో ఉండగానే ఆయన హత్యకి గురయ్యాడు. డెన్మార్క్ మ్యూజియంలో తరాల తరబడి పడి ఉన్న ఆ డోలు 2022లో గానీ కరాషోక్‌లో సామీల సొంతం కాలేదు. డోలు వాయించినందుకు ఒకప్పుడు మనిషిని నేరస్థుణ్ణి చేశారు, ఇప్పుడు ప్లాస్టిక్ డోలు వాయిస్తే సెల్ఫీలు. దీన్ని పొగుడుతూ రివ్యూ రాసినవాళ్ళే ట్రోమ్సో కాపరి ఫోనుని తప్పుపడతారు.

ఈ జబ్బు మంచు దేశంలో అంటుకున్నది కాదు, మనమే ఇంటినుంచి మోసుకెళ్ళాం. అరకు రిసార్టు లాన్‌లో రాత్రిపూట ఆదివాసీల థింసా ఆడిస్తాం, భోజనంతో పాటు ప్యాకేజీలో. బొర్రా గుహలకి దారి అనంతగిరి మండలం మీదుగానే. ఆ చుట్టుపక్కల ఆదివాసీల నేలని గనులకి లీజుకిచ్చినందుకే సమత సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్ళి 1997లో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకి భూమి లీజుకివ్వకూడదన్నది ఆ తీర్పు. థింసా వీడియో లేని ఫోను మన దగ్గర లేదు. ఆ తీర్పు పేరు చెప్పమంటే తల గోక్కుంటాం. అక్కడా ఇక్కడా మనకి కావాల్సింది నేల లేని నాట్యం.

"ట్రిప్‌కి వెళ్ళింది సరదాకి, ఈ రాజకీయాలు మాకెందుకు" అంటే, సామీకి ఆ సౌకర్యం లేదు. 2024 నవంబర్‌లో నార్వే పార్లమెంటు సామీల మీద సాగిన బలవంతపు నార్వేకరణకి క్షమాపణ చెప్పింది. మాట మంచిదే. మేత మాత్రం మాటలతో పెరగదు.

వెళ్ళొద్దని నేననను. మందగల కుటుంబాలకి ఆ టికెట్ డబ్బు అవసరం. బుక్ చేసేముందు క్యాంపు ఎవరిదో, మంద ఎవరిదో, గాక్తి తొడుక్కున్నవాళ్ళు ఏ ఊరివాళ్ళో కనుక్కోండి. నిజమైన వ్యాపారులు సంతోషంగా చెబుతారు, తడబడేవాళ్ళని వదిలేయండి. మంట దగ్గర కూర్చున్నప్పుడు లైట్లు ఎన్నింటికి వస్తాయని కాకుండా ఈ ఏడు మంచు ఎలా పడిందని, మేత మీద ఎవరు కన్నేశారని అడగండి. జవాబు పొడుగ్గా ఉంటుంది, రీల్‌కి పనికిరాదు, బస్సు డ్రైవరు తొందరపెడతాడు. అంత ఓపిక లేకపోతే నేరుగా రొవానియెమి సాంతా దగ్గరికే వెళ్ళండి. ఆయనకి ఏ భూమి తగాదా లేదు.